నెలనెలానా, ఒక్కసారిగానా

జూన్ 2

చిట్టీ,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను గానీ కలం కదల్లేదు. ఒంట్లో క్షేమమే. ఇంట్లో మాత్రం నెల రోజులుగా ఎవరికీ అన్నం సయించడం లేదు.

ఫోన్ చేసి చెబుదామంటే మీ అన్నయ్య చెవులు ఇల్లంతా ఉంటాయి. రిటైరైనప్పటి నుంచి ఆయనకు వేరే పనేముంది? ఉన్నవి రెండు గదులు. ఒక గదిలో నేను తుమ్మితే రెండో గదిలోంచి "ఏమైంది?" అంటారు. అందుకని షాపులో కూర్చుని, అంచులు మడవాల్సిన ప్యాంట్లు పక్కన పెట్టి రాస్తున్నాను. జవాబు కూడా షాపు అడ్రసుకే రాయి. మా టైలరు మాస్టరు మంచివాడు. ఉత్తరం విప్పడు. ఎవరు రాశారని మాత్రం వారమంతా అడుగుతాడు.

సంగతేమిటంటే, కంపెనీవాళ్ళు మీ అన్నయ్యను ఒక మాట అడిగారు. ఇన్నేళ్ళు లిఫ్టులు బాగుచేసినందుకు రావలసింది నెలనెలా పెన్షన్‌గా తీసుకుంటారా, లేక మొత్తం ఒక్కసారిగా తీసుకుంటారా? ఈ నెలాఖరులోగా రాసివ్వాలి. ఒకసారి రాసిచ్చాక మార్చుకోవడానికి లేదు. ఇంతే. ఈ ఇంత ప్రశ్నకి మా ఇల్లు తలకిందులైంది.

సలహాలకు కొదవ లేదు. పక్కింటి లెక్కల మాస్టారు కాగితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చుని, మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీరు ఇంకా ఎంతకాలం బతుకుతారనుకుంటున్నారు?" అని. మీ అన్నయ్య మొహం చూడాల్సింది. ఆ పూట కాఫీ కూడా తాగలేదు. ఆ మర్నాడు ఏదో ఫైనాన్స్ కంపెనీ నుంచి టై కట్టుకున్న అబ్బాయి వచ్చాడు. మొత్తం ఒక్కసారిగా తీసుకుని తన చేతిలో పెడితే అది పిల్లల్ని పెడుతుందట. పాత క్రేన్ ఆపరేటరు మిత్రుడేమో, "నేను ఒక్కసారిగా తీసుకున్నాను, అదేమైందో అడక్కు" అని చెప్పి, అడక్కుండానే గంటసేపు చెప్పాడు. అందరూ ఆ కంపెనీ కాగితాలు తీసి, తమకు కావలసిన ముక్క చదివి వినిపిస్తారు. ఈయన అందరికీ తల ఊపుతారు. వాళ్ళు వెళ్ళాక అవే కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. పేజీ మాత్రం తిప్పరు.

ఇరవై అంతస్తుల గోతిలో తాడు పట్టుకుని వేలాడుతూ కూనిరాగం తీసిన మనిషి చిట్టీ, ఇప్పుడు ఒక టిక్కు పెట్టడానికి వణికిపోతున్నారు. నిన్న బల్బు కొనుక్కురమ్మంటే ఉత్త చేతులతో వచ్చారు. పసుపు వెలుగుదా, తెల్ల వెలుగుదా అని షాపువాడు అడిగాడట. "రేపు చెప్తా" అని వచ్చేశారట.

నాకేది ఇష్టమంటావా? నాకేం తెలుసమ్మా. ఆయనకు ఏది మంచిదైతే అదే. నువ్వు నాలుగూ చూసినదానివి, నీ మాటంటే ఆయనకు గురి. ఏమనుకుంటున్నావో దాచకుండా రాయి.

నీ వదిన

*

జూన్ 7

వదినా,

నీ ఉత్తరం షాపులో అందరి ముందూ చదివి పకపకా నవ్వాను. బల్బు సంగతికి. కళ్ళజోడు కొనుక్కోవడానికి వచ్చినావిడ, అద్దంలో తన మొహం చూసి నవ్వాననుకుని ఫ్రేమ్ అక్కడ పెట్టేసి వెళ్ళిపోయింది. మా షాపు యజమాని, అదే మా పెద్దాయన, రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ నష్టం అన్నయ్య ఖాతాలో రాయి.

నవ్వు అయిపోయాక మాత్రం గుండె బరువెక్కింది. నా ఒంటికాయ సంసారానికే నెలాఖరు వచ్చేసరికి ఏ డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకుంటాను. బ్యాంకు నుంచి ఏదైనా కాగితం వస్తే ముందు భయం వేస్తుంది, తర్వాత చదువుతాను, ఆ తర్వాత ఇంకా భయం వేస్తుంది. అలాంటిది జన్మకి ఒక్కసారి తేల్చుకోవలసిన సంగతి అంటే అన్నయ్య వణకడంలో వింతేముంది?

దాచకుండా రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నెలనెలా తీసుకోమను. అన్నయ్య జేబులో డబ్బుంటే నిలవదు, చెయ్యి చాచినవాడికల్లా ఇచ్చేస్తాడు. నా గురించి ఆలోచించి ఏ నిర్ణయమూ తీసుకోవద్దని కూడా నా మాటగా చెప్పు. ఆ రోజు ఇచ్చిన మాట ఆ రోజుతోనే సరి. నేనేమీ అనుకోను. నిజంగా.

వర్షాలు మొదలయ్యాయి. నా గది కిటికీ మళ్ళీ ఉబ్బి, మూసుకోవడం లేదు. దుప్పటి అడ్డం కట్టుకుని పడుకుంటున్నాను.

నీ చిట్టి

*

జూన్ 11

ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం అందింది. ఆ "ఇచ్చిన మాట" ఏమిటో తెలియక రెండుసార్లు చదివాను. తెలిసినవాళ్ళనే అడుగుదామని మీ అన్నయ్యగారిని అడిగాను. అన్నం తింటున్నవారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "అది నాకూ మా చెల్లెలికీ మధ్య మాట" అన్నారు.

ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ ఇద్దరి మధ్య నేనున్నాననే అనుకున్నాను. చొక్కా గుండీ ఊడితే కుట్టడానికి, జ్వరం వస్తే మేల్కొని కూర్చోవడానికి నేను. డబ్బు విషయంలో మాట ఇచ్చిపుచ్చుకోవడానికి అన్నాచెల్లెళ్ళు. చాలా బాగుంది.

నేను మిమ్మల్ని సలహా అడిగినప్పుడు మీకందులో వాటా ఉందని తెలియదు. తెలిస్తే అడిగి ఇబ్బంది పెట్టేదాన్ని కాదు.

కిటికీకి దుప్పటి కడితే చలి ఆగదు. చెక్క ఉబ్బిన చోట సబ్బు రాస్తే జారుతుంది.

ఇట్లు,
మీ అన్నయ్యగారి భార్య

*

జూన్ 15

వదినగారికి నమస్కారాలు.

"మీ అన్నయ్యగారి భార్య" అన్న సంతకం చూసి ఒక పూటంతా పని చెయ్యలేకపోయాను. ఒకాయనకు కుడి కంటి అద్దం ఎడమ పక్కన బిగించేశాను. పాపం, మెట్లు దిగబోయి గోడ పట్టుకున్నాడు.

ఆ మాటేమిటో చెబుతాను, వినండి. నా కాపురం విడిపోయిన ఏడాది అన్నయ్య నన్ను చూడ్డానికి వచ్చాడు. ఆ రోజు మా షాపు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. నెత్తి మీద చెయ్యి వేసి, "నేను రిటైరైన రోజున నీకు సొంత కళ్ళజోళ్ళ షాపు పెట్టిస్తానే చిట్టీ, ఎవరి మోచేతి కింద నీళ్ళూ తాగక్కర్లేదు" అన్నాడు. అంతే. నేను అడగలేదు. కాదనే ఓపిక ఆ రోజు నాకు లేదు. ఆ తర్వాత ఫోన్ చేసినప్పుడల్లా "షాపుకి పేరు ఆలోచించావా?" అంటాడు. ఆ సంబరం చూసి నాకు నోరు పెగల్లేదు. మీకు తెలుసుననే అనుకున్నాను. భార్యకు చెప్పకుండా మాట ఇచ్చాడని నాకెలా తెలుస్తుంది?

వాటా అన్నారు. ఆ డబ్బులో నాకు పైసా వద్దు. ఇంతకన్నా స్పష్టంగా రాయడం నాకు చేతకాదు.

ఇంకొక్క మాట. మొదటి ఉత్తరంలో అందరి అభిప్రాయాలూ రాశారు. లెక్కల మాస్టారిది, టై అబ్బాయిది, క్రేన్ ఆపరేటరుది. మీకేం కావాలో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అది తెలియకుండా ఇంకొకరు సలహా ఏం చెబుతారు?

సబ్బు రాశాను. కిటికీ మూసుకుంటోంది.

చిట్టి

*

జూన్ 19

చిట్టీ,

"గారు"లు ఇక చాలు. నాకు ఓపిక లేదు.

కొంప మునిగింది. నీకు కోపం వచ్చిందని మీ అన్నయ్యతో చెప్పాను. "పైసా వద్దు" అన్నావని కూడా. కడుపులో మాట దాచుకోలేక చెప్పాను, బాగుచేద్దామనే చెప్పాను. ఆయన అదంతా విని, "అలిగింది. వద్దంటోందంటే ఇంకా ఇవ్వలేదని బాధ అన్నమాట" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పదిసార్లు అడిగించుకున్నాక గానీ అన్నం పెట్టించుకోనిదానివి నువ్వు, నాకు తెలియదా?

ఇవాళ పొద్దున మొత్తం ఒక్కసారిగా తీసుకుంటానని టిక్కు పెట్టి సంతకం చేసేశారు. కాగితం సంచిలో పెట్టుకున్నారు. రేపు శనివారం పాత మిత్రుణ్ణెవరినో చూసి వస్తారట. సోమవారం ఆఫీసులో ఇచ్చేస్తారట. "ఇక అడగొద్దు, తేలిపోయింది" అన్నారు. తేలిపోయిన మనిషి మొహం అలా ఉంటుందా? పీక్కుపోయింది.

నాకేం కావాలో రాయలేదని దెప్పావు. ఇప్పుడెలాగూ లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. నువ్వు చదివి చింపెయ్యి.

నాకు భయం చిట్టీ. నెలనెలా వచ్చేది ఆయన ఉన్నంతవరకేనని టై అబ్బాయి చెప్పాడు. ఒక్కసారిగా వచ్చేదేమో ఆయన చేతిలో నిలవదని నువ్వే రాశావు. ఎటు చూసినా ఆయన తర్వాత నాకేముంది? నా వేళ్ళు ఇప్పటికే పొద్దున లేవగానే ముడుచుకోవు. జిప్పులు మార్చే పని ఇంకెన్నాళ్ళు చెయ్యగలను? ఇది ఆయన్ని అడగాలి. ఏమని అడగాలి? "ఏమండీ, మీరు పోయాక నా గతేంటి?" అనా? ఎదురుగా కూర్చుని పేపరు చూస్తున్న మనిషిని ఆ మాట అడిగే ఆడది ఉంటుందా? ఆయన పోవాలని లెక్కలు వేసుకుంటున్నట్టుండదూ? అందుకే ఎవరడిగినా "ఆయనకు ఏది మంచిదైతే అదే" అంటూ వచ్చాను.

నీ షాపు కోసం ఖర్చు పెడితే నాకు కడుపుమంట అనుకునేవు. కాదు. నువ్వు బాగుంటే నాకు సంతోషమే. నాకు చెప్పకుండా జరిగిందన్నదే బాధ, ఈ భయమే బాధ.

మాస్టరు నా చేతిలో తడి రుమాలు చూసి, ఏమీ అడక్కుండా టీ తెప్పించాడు. కొరియరు అబ్బాయి నిలబడి ఉన్నాడు. రేపు పొద్దున్నే నీకు చేరుతుందట.

నీ వదిన

*

జూన్ 20, శనివారం

మా మంచి వదినా,

ఈ ఉత్తరం నీకు మీ ఆయన చేతే పంపిస్తున్నాను. అంటించాను. విప్పాడేమో చూసుకో. విప్పినా ఫర్వాలేదు, ఇందులో దాచవలసింది ఇక ఏమీ లేదు.

ఆ పాత మిత్రుడెవరో కాదు, నేనే. పొద్దున నీ ఉత్తరం వచ్చింది. చదువుతూ కళ్ళు తుడుచుకుంటుంటే షాపు తలుపు తీసుకుని అన్నయ్య వచ్చాడు. సంచి గుండెలకు హత్తుకుని ఉన్నాడు. నీ ఉత్తరం సొరుగులోకి తోసి లేచాను.

"అలక మానవే చిట్టీ" అన్నాడు, కూర్చోకుండానే. "ఇదిగో, సంతకం పెట్టేశాను. మాటంటే మాటే. అద్దెకి ఎక్కడ దొరుకుతుందో చూద్దాం పద."

అప్పుడింక మొహమాటపడితే మనందరం మునుగుతామని నాకు తోచింది.

"అన్నయ్యా, నాకు షాపు వద్దు" అన్నాను.

"అదే వద్దంటున్నా. అలక—"

"అలక కాదు. నిజంగా వద్దు. ఆ రోజు కావలసింది షాపు కాదురా, నువ్వు వచ్చి కూర్చోవడం. అది అయిపోయింది. మా పెద్దాయన్ని చూడు. అద్దె ఇవ్వలేదని ఒకడు, పాత ఫ్రేములు వెనక్కి తీసుకోమని ఒకడు. నిద్రమాత్ర లేనిదే పడుకోడు. నేను సాయంత్రం తాళం ఆయన చేతిలో పెట్టి ఇంటికెళ్ళి హాయిగా పడుకుంటాను. నాకు అద్దాలు చెయ్యడం ఇష్టం. షాపు నడపడమంటే భయం. నీ సంబరం చూసి ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను."

పరీక్ష కోసం వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు ఒకటుంది. దాని మీద తల వంచుకుని కూలబడ్డాడు. బాధపడ్డాడనుకున్నాను. తలెత్తితే నవ్వుతున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదటే! బస్సులో వస్తున్నంతసేపూ ఒకటే బెంగ, ఇది ఇచ్చేశాక మీ వదినకి ఏం మిగల్చగలనా అని."

విన్నావా వదినా? నువ్వు దేనికి ఏడుస్తూ రాశావో, ఆయన దానికే బస్సులో కుమిలిపోతూ వచ్చాడు. ఒకే గోడకు అటొకరు ఇటొకరు ఆనుకుని కూర్చున్నారు మీరిద్దరూ.

"మరి నెలనెలా ఎందుకు వద్దనుకున్నావు?" అన్నాను.

"అది నాతోనే ఆగిపోతుందిటగా. టై అబ్బాయి చదివి చెప్పాడు. ఆమె చేతిలో నాలుగు రాళ్ళయినా పడాలంటే ఒక్కసారిగా తీసుకోవడమే మేలనుకున్నా. అందులో నీది నీకిస్తే మిగిలింది ఆమెకని."

"నువ్వు చదివావా?"

కాగితం అతని ముందు పెట్టి చదవమన్నాను. దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు, దీపం బాగా లేదన్నాడు. నేను ఈ షాపులో చేసేదేమిటి వదినా? మెడ పట్టుకుని మిషను ముందు కూర్చోబెట్టాను. ఎడమ కంటితో పెద్ద అక్షరాలు కూడా గుర్తుపట్టలేకపోయాడు, కుడి కంటికి చిన్న అక్షరాలు ఆనలేదు. శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేస్తే పోయేదేనని మా షాపుకి వచ్చే కళ్ళ డాక్టరు చూసి చెప్పాడు, భయం లేదు. "సంవత్సరం నుంచీ ఇలాగే ఉంది. ఒక కంటితో లిఫ్టు పని చేస్తున్నాడంటే కంపెనీవాళ్ళు ముందే ఇంటికి పంపేసేవాళ్ళు" అన్నాడు అన్నయ్య. రిటైరయ్యాక కూడా చెప్పడం చేతకాలేదట. అందుకే ఎవరు ఏది చదివి వినిపిస్తే దానికి తల ఊపాడు.

నేను మొదటి పేజీ నుంచీ పైకి చదివాను. మూడో పేజీ చివర ఉంది, నీ భయానికి జవాబు. నెలనెలా తీసుకునేవాళ్ళు, నెలకు కొంచెం తక్కువ వచ్చినా సరే అనుకుంటే, తమ తర్వాత భార్యకో భర్తకో ఆమె లేక అతను ఉన్నంతకాలం అందులో సగానికి పైగా వచ్చేటట్టు కోరుకోవచ్చు. దానికి వేరే గడి ఉంది. టై అబ్బాయి ఆ గడి దాకా రానేలేదు. వస్తే వాడికేం మిగులుతుంది?

అన్నయ్య అది మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి, "భార్య అని ఉందా? నిజంగా ఉందా?" అన్నాడు. ఉందన్నాను. సంతకం చేసిన కాగితం నా చేతిలో నుంచి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి, చెత్తబుట్టలో వేసి, "ఆకలేస్తోందే" అన్నాడు.

ఖాళీ కాగితం ఇంకోటి సోమవారం ఆఫీసులో అడిగి తీసుకోండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి. నువ్వు చదివి వినిపించు. అడగవలసింది ఎదురుగానే అడిగెయ్యి. నీ ఉత్తరం సంగతి నేను చెప్పలేదు. చింపెయ్యమన్నావు గానీ చింపలేదు కూడా. నాకు నువ్వు రాసినవాటిలో అదొక్కటే నిజమైన ఉత్తరం.

మిషను ముందు గడ్డం ఆనించమంటే "ఇది మీ వదిన కుట్టుమిషను కన్నా మేలే" అన్నాడు. తిట్టు.

నీ చిట్టి

*

జూన్ 24

చిట్టీ,

ఇక్కడ క్షేమం. ఈసారి ఒట్టు.

నీ ఉత్తరం ఆయన విప్పలేదు. గుమ్మంలోనే నా చేతిలో పెట్టి, నేను చదువుతున్నంతసేపూ చెప్పులు విప్పకుండా నిలబడ్డారు. చదవడం అయ్యాక "కాళ్ళు కడుక్కోండి" అన్నాను నేను. ఆదివారమంతా ఆపరేషన్ మాటే మాట్లాడుకున్నాం. అది తేలిక.

సోమవారం మాస్టరుని సగం పూట సెలవడిగి ఆయనతో వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి కొత్త కాగితం ఇచ్చింది. అక్కడ కుర్చీలు ఖాళీ లేక మెట్ల మీద కూర్చున్నాం. నేను మొదటి నుంచీ చదివాను. ఆ గడి దగ్గరికి వచ్చాను. "పెన్షన్‌దారు మరణానంతరం" అని రాసి ఉంది చిట్టీ. ఆ మాట ఆయన పక్కన కూర్చుని ఎలా చదవను? ఆగిపోయాను.

"ఏమైంది? చదువు" అన్నారు.

"నేను చదవలేనండీ."

"నేను పోయాక అని ఉందా?"

"ఊఁ."

"పోతే పోతాను గానీ, ముందు అది చదువు. నీకెంత వస్తుందో వినాలి నేను."

అప్పుడడిగాను. ఇన్నాళ్ళూ గొంతులో పెట్టుకున్నదాన్ని, ఆ మెట్ల మీద, జనం మమ్మల్ని దాటుకుంటూ ఎక్కుతూ దిగుతూ ఉంటే అడిగాను. "మీ తర్వాత నాకేముంటుందో అడగాలని ఎన్నిసార్లో అనుకున్నాను. మీ చావు కోరినట్టుంటుందని అడగలేదు. నాకు భయంగా ఉందండీ" అన్నాను.

మీ అన్నయ్య నావైపు తిరిగి చూసి, "పిచ్చిదానా, నువ్వు అడిగితే చెప్పాలని నేనూ, నేను చెబితే వినాలని నువ్వూ! ఇదేనా మనం చేసిన కాపురం?" అన్నారు. అని, నా చేతివేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ మెల్లగా ముడిచి చూశారు. అవి పొద్దున్నపూట ముడుచుకోవని ఆయనకు తెలుసునట! నేను చూడనప్పుడు చూసేవారట. మెట్లెక్కుతున్న పెద్దమనిషి ఒకడు మమ్మల్ని చూసి దగ్గాడు. దగ్గనీ.

ఆ గడిలో టిక్కు నా చేత పెట్టించారు. సంతకం ఎక్కడో నేను వేలుపెట్టి చూపించాను, ఆయన చేశారు. కౌంటరు అమ్మాయి ముద్ర వేసి ఒక కాపీ ఇచ్చింది. ఇంతే. ఇంత పనికి నెల రోజులు అన్నం నీళ్ళూ మానుకున్నాం. బయటికి వచ్చాక ఎటు వెళ్ళాలో తెలియక బస్టాపు దాటి చాలా దూరం నడిచాం.

నీ మీద పెట్టుకున్న కోపానికి నన్ను క్షమించు అని రాయాలి గానీ, నువ్వు కూడా "వదినగారికి నమస్కారాలు" అని రాశావు కాబట్టి చెల్లుకు చెల్లు. వచ్చే నెల ఆపరేషన్‌కి మీ డాక్టరు దగ్గరికే వస్తాం. నీ గదిలో ముగ్గురం పడతామా? పట్టకపోతే ఆయన్ని మీ షాపు స్టూలు మీద పడుకోబెడదాం.

ఇవాళ నాకు సెలవు. ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. మీ అన్నయ్య పొద్దున టిఫిను తిని, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారు. మధ్యాహ్నం దాటింది. నోరు తెరిచి గురకపెడుతూ, చేతులు చెరోవైపు పడేసి, చంటిపిల్లాడిలా నిద్రపోతున్నారు. అన్నం చల్లారిపోతోంది. రెండుసార్లు లేపడానికి వెళ్ళి, లేపబుద్ధి కాక వచ్చేశాను. ఇంకాసేపు పడుకోనీ.

నీ వదిన